రావివలస మొదలు ఉద్దానం దాకా: పురుగు నోరు చూసిన పండితుడు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని రావివలస అనగానే ఎండల మల్లికార్జున స్వామే గుర్తొస్తాడు. గర్భగుడి కప్పు లేకుండా ఎండకు ఎండి, వానకు తడిసే పెద్ద లింగం. కార్తికంలో భక్తులు బారులు తీరతారు. దర్శనం చేసుకుని పలాస మీదుగా సముద్రం వైపు సాగితే జీడి, కొబ్బరి, పనస తోటల ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చేసిన తోటలను రైతులు మళ్లీ పెంచుకుంటున్న నేల.

ఇక్కడ పురుగు సంగతి తెలియకపోతే పంట దక్కదు. టీ దోమ జీడి చిగుళ్లలో, పూత కాడల్లో ముక్కు గుచ్చి రసం లాగుతుంది. గుచ్చిన చోట నల్లబడి పూత మాడిపోతుంది. కొబ్బరిలో కొమ్ము పురుగు మొవ్వును కొరికి లోపలికి దూరుతుంది. ఆకు మీద పడిన విషం కొరికి తినేదాని కడుపులోకి పోతుంది గానీ, లోపలి రసం తాగేదానికి అందదు. అందుకే మందు కొనేముందు పురుగు ఎలా తింటుందో తెలియాలి.

కీటక ప్రపంచాన్నంతా ఈ ఒక్క ప్రశ్నతో విడగొట్టిన మనిషి యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిషియస్. 1745లో నేటి డెన్మార్క్‌లోని టోండర్‌లో పుట్టారు. స్వీడన్‌లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ దగ్గర చదువుకున్నారు. గురువు రెక్కలను బట్టి కీటకాలను విభజిస్తే, శిష్యుడు నోటి భాగాలను పట్టుకున్నారు. 1775లో ‘సిస్టెమా ఎంటమాలజియే’ ప్రచురించారు. 1808లో కీల్ నగరంలో కన్నుమూసేలోగా దాదాపు 10 వేల కీటకాలకు పేర్లు పెట్టారు. నేటి సాధనాలు లేని కాలంలో పిసరంత నోటిని విప్పి చూడటం ఎంత కష్టమో!

ఆయన పద్ధతిలో లోటు లేకపోలేదు. ఆకు కొరికే గొంగళిపురుగే సీతాకోకచిలుకై మకరందం పీలుస్తుంది. ఒక్క నోటినే నమ్ముకుంటే చాలదు. నేటి శాస్త్రం రెక్కలు, ఎదుగుదల, జన్యువులు అన్నీ చూస్తుంది. అయినా ఆయన పెట్టిన పేర్లలో మనవాళ్లు నిత్యం చూసే పురుగులవి ఎన్నో నిలిచాయి: పొగాకు లద్దె పురుగు, పేనుబంకను తినే ఆరు మచ్చల అక్షింతల పురుగు, పెద్ద చెట్లకు తుట్టెలు వేలాడదీసే పెద్ద తేనెటీగ.

ఫాబ్రిషియస్ భారతదేశం రాలేదు. ఇక్కడి కీటకాల నమూనాలే మన తీరం నుంచి ఓడెక్కాయి. వాటిని పంపినవారిలో లిన్నేయస్ మరో శిష్యుడు, తమిళనాడులోని తరంగంబాడిలో డేనిష్‌వారి వైద్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకరు. చెదల జీవితం మీద 1779లోనే రాసిన ఆయన 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో చనిపోయారు. సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ వైద్యం చేసినా దక్కలేదు. కోనిగ్ కాగితాలు లండన్‌లోని ప్రకృతి పరిశోధకుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. తెలుగు నేల మీద ప్రాణం విడిచిన ఈ కీటక పరిశోధకుడి పేరు మన బడిపిల్లలకు తెలియాలని నా కోరిక.

జీడి ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలకూ 1775లో ఫాబ్రిషియసే పేరు పెట్టారు. గింజలు ఏరేటప్పుడు కుడతాయని వీటిమీద కూలీలకు కోపం. కానీ ఇవి టీ దోమను వేటాడతాయి. గూళ్లున్న చెట్లను మందు పిచికారీ నుంచి తప్పిస్తే మందు చేసే పని ఇవే చేసిపెడతాయి.