బెన్రాత్ గ్రామచరిత్రము

జర్మనీదేశమున రైన్ నదికిఁ గుడిగట్టున, డ్యూసెల్డోర్ఫ్ నగరమధ్యమునకు దక్షిణముగా సుమారు 10 కిలోమీటర్ల దూరమున బెన్రాత్ అను ఊరు గలదు. మన పూర్వులు జర్మనీని శార్మణ్యదేశమని సంస్కరించి వ్యవహరించిరి గాని, అందలి యిట్టి చిన్నయూళ్ల పేరులు మనవఱకు వచ్చుట యరుదు. ఈ యూరికి యుద్ధము వలనఁ గాని కవి వలనఁ గాని ప్రసిద్ధి కలుగలేదు. అయినను జర్మనుభాషాభేదములను గూర్చి వ్రాయువారు దీని పేరెత్తక ముందునకుఁ బోఁజాలరు. అందులకుఁ గారణ మొక హల్లు.

మొదట ఊరి మాట. 'రాత్' అను శబ్దముతో ముగియు గ్రామనామము లా ప్రాంతమునఁ బెక్కులు గలవు. అడవి నఱికి సాగునకుఁ దెచ్చిన నేల యని దాని యర్థము. మధ్యయుగమున నిచ్చటి భూస్వాములు 'బెన్రోదె' యను నింటిపేరఁ బరఁగిరి. ఊరు బెర్గ్ ప్రభువుల యేలుబడిలోనిది. ఆ ప్రభువులు 1380 లో డ్యూకు బిరుదమును బొందిరి. 17వ శతాబ్దమున నిచ్చట నీటినడుమ నొక కోట కట్టఁబడెను. అది శిథిలము కాఁగా 1755 మొదలుకొని నికొలాస్ ద పిగాజ్ అను శిల్పి కార్ల్ థియోడోర్ ప్రభువునకై క్రొత్తమేడను నిర్మించెను. అంత శ్రమపడి కట్టించిన ప్రభువు మాన్‌హైములోను, పిమ్మట మ్యూనిక్కులోను గొలువుతీఱెనే కాని యిందుఁ గాపురము చేయలేదు. 1806 లో నెపోలియను బావమఱఁది ముయిరా బెర్గ్ రాజ్యమునకుఁ బ్రభువై వచ్చి కొంతకాల మీ మేడలో నుండెను. 1815 లో నీ సీమ ప్రష్యారాజ్యమునఁ గలిసెను. 1845 లోఁ గొలోను నుండి డ్యూసెల్డోర్ఫునకు ధూమశకటమార్గము వచ్చెను. ఆ శతాబ్దాంతమున యంత్రశాలలు వెలసెను. వ్యవసాయపుఁబల్లె పారిశ్రామికుల యూరైనది.

ఇఁక హల్లు మాట. జర్మనుల శిష్టభాషలోఁ 'జేయుట' యను నర్థమున 'మాఖెన్' అను రూపము గలదు. ఇందలి ఖకారము మన వర్గద్వితీయాక్షరము గాదు. విసర్గమునకుఁ గకారము పరమగునపుడు మన మెఱిఁగిన జిహ్వామూలీయమునకు సమానమైన ధ్వని యది. లిపిసౌకర్యమునకై ఖకారముగా వ్రాయుచున్నాను. ఉత్తరమున సముద్రతీరపుమైదానములవా రదే పదమును 'మాకెన్' అని శుద్ధకకారముతోఁ బలుకుదురు. ఇంగ్లీషువారి 'మేక్' కూడ నిట్టిదే. కకార మొక్కటియే గాదు. ఉత్తరమున 'దోర్ప్' అనఁబడు గ్రామవాచకము శిష్టభాషలో 'దోర్ఫ్'. 'అది' యను నర్థముగల 'దట్' అను సర్వనామము 'దస్'. ఇంగ్లీషున 'వాటర్' అనఁబడు నీరు శిష్టజర్మనున 'వస్సర్'.

మన శిక్షాశాస్త్రమును జదివిన వారికీ మార్పు నొక్కవాక్యమునఁ జెప్పవచ్చును: స్థానము నిలిచినది, ప్రయత్నము మాఱినది. కంఠ్యస్పర్శము కంఠ్యోష్మమైనది, దంత్యస్పర్శము దంత్యమగు సకారమైనది, ఓష్ఠ్యస్పర్శ ముపధ్మానీయమునకుఁ జేరువ ధ్వనియైనది. స్పృష్టప్రయత్నము వోయి వివృతప్రయత్నము వచ్చినదనుట. ఇది క్రీస్తుశకము 6, 7, 8 శతాబ్దములలో దక్షిణపుఁ బర్వతసీమల బలముగాఁ గానవచ్చి, ఉత్తరమునకుఁ బోయినకొలఁది సన్నగిలినది. స్విట్జర్లండునఁ బదాదికకారము సైత మూష్మమగును. ఉత్తరసముద్రతీరమున నేకకారమును మాఱలేదు. యాకోబ్ గ్రిమ్ 1822 లోఁ దన జర్మనువ్యాకరణపు రెండవకూర్పున నీ మార్పులను గ్రమపఱచెను.

ఆ శతాబ్దము చివరిభాగమున లైప్‌జిగ్ పండితు లొక సిద్ధాంతమును బ్రతిపాదించిరి. లెస్కీన్ 1876 లోను, ఓస్ట్‌హోఫ్, బ్రుగ్మన్ 1878 లోను, ధ్వనిపరిణామనియమములకు అపవాదము లుండవని పలికిరి. ఒక సీమలో నొక కాలమునఁ గకారము మాఱినచో, సమానమైన స్థితిలో నున్న ప్రతిపదమునందును మాఱవలయునని వారి మతము. ఉత్సర్గాపవాదముల నడుమఁ బెరిగిన మనకు 'అపవాదము లేని యుత్సర్గము' అను మాట వినుటకే వింత. అయినను ఆ మతము శబ్దచరిత్రకు మిక్కిలి మేలుచేసినది. అడ్డమువచ్చిన ప్రతిరూపమునకుఁ గారణము వెదకుమని యది నిర్బంధించినది.

ఆ నియమము సత్యమైనచోఁ దేలవలసిన విషయ మొకటి గలదు. 'మాకెన్' అనువారికిని 'మాఖెన్' అనువారికిని నడుమనున్న గీఁటే, 'దట్' అనువారికిని 'దస్' అనువారికిని నడుమ గీఁటు కావలయును. 1852 లో డ్యూసెల్డోర్ఫునఁ బుట్టిన గెయోర్గ్ వెంకర్ 1876 లో రైన్ సీమలోని బడిపంతుళ్లకుఁ గొన్ని వాక్యములను బంపి, వానిని మీ యూరివారు పలుకు రీతిని వ్రాసి పంపుఁడని కోరెను. శీతకాలపు టెండుటాకులు, పొయ్యిమీఁది పాలు, ఇట్టి యింటిమాట లవి. పనిని గ్రమముగాఁ బెంచి, తుదకు నలువదివాక్యములను జర్మనీయంతటికిఁ బంపెను. 1887 నాఁటికి 40,000 కు మించిన బడుల నుండి యుత్తరములు చేరెను. ఆ పంతుళ్లలో ననేకులు శిక్షాశాస్త్ర మెఱుఁగనివారు; నియతమైన ధ్వనిలిపియు వారికి లేదు; ఒక్కొక్కరు తమకుఁ దోఁచినట్లు వ్రాసిరి. ఈ దోషమును బట్టి యా సంగ్రహమును నిరసించినవారు గలరు. నా కది న్యాయముగాఁ దోఁపదు. ఒకఁడు పొరపడవచ్చును గాని, ప్రక్కప్రక్క నున్న నూఱూళ్ల పంతుళ్లొక్కతీరునఁ గకారము వ్రాసి, వారి కావలి నూఱుగు రొక్కతీరున ఊష్మము వ్రాసినపుడు, ఆ నడుమ గీఁటును సందేహింపఁ బనిలేదు. వెంకర్ 1911 లోఁ గాలధర్మము నొందెను. వ్రేదె మొదలగువారు మార్బుర్గులోఁ బని కొనసాగింపఁగా 1923 నాఁటికి 1,600 కు పైఁగాఁ జేతివ్రాఁతపటములు సిద్ధమయ్యెను.

ఆ పటములలో నియమ మొకటియుఁ బ్రకృతి యొకటియు నైనవి. ఎల్బే నదికిఁ బడమట గొంతదూరము గీఁట్లన్నియు నించుమించుగాఁ గలిసి నడచి, రైన్ చేరువకు రాఁగానే విసనకఱ్ఱ రేకులవలె విడిపోయెను. నదివెంట నుత్తరమునుండి దక్షిణమునకు నడచువాఁడు మొదట ఊర్డింగెన్ కడ 'ఇక్' అను మాటను విడుచును. ఇది మన 'అహమ్' శబ్దమునకు జ్ఞాతి, అర్థము 'నేను'. అచటినుండి దక్షిణమునఁ గకారము తాలవ్యమగు శకారమువంటి యూష్మమగును. అయినను 'చేయుట' కింకను 'మాకెన్' అనియే యనుచుందురు. బెన్రాత్ దరి కేఁగునపుడు అదియు 'మాఖెన్' అగును. ఆ గీఁటు రైన్ నదిని దాఁటుచోటు బెన్రాత్ గ్రామమున కించుక యుత్తరము. కావుననే దానికి బెన్రాత్‌రేఖ యని పేరు. మఱి కొంతదూరము పోయి బాడ్ హోన్నెఫ్ చేరినఁ గాని 'దోర్ప్' 'దోర్ఫ్' కాదు. శాంక్ట్ గోఆర్ చేరినఁ గాని 'దట్' 'దస్' కాదు. స్పేయర్ ప్రాంతమున 'ఆపెల్' అను పండు 'అప్ఫెల్' అగును. కకారమునకే రెండు గీఁట్లు. ఒక పదమున మాఱినవారు వేఱొకపదమున మాఱలేదు. అపవాదము లేని నియమమును జూపుటకుఁ బూనిన పని, ప్రతిపదమును దనత్రోవ తాను బోవుటను జూపెను.

ఇచ్చట విద్యార్థులు తఱచుగాఁ బొరపడు నంశ మొకటి గలదు. రేఖ నదికి సమాంతరముగా లేదు. నదిని అడ్డముగాఁ దాఁటుచున్నది. రైన్ వంటి మహానది యీ సందర్భమున నీయొడ్డు పలుకును ఆయొడ్డు పలుకునుండి వేఱుచేయలేదు. పాణినిమహర్షి విపాశానది కుత్తరతీరమందలి నూతుల పేళ్లకు వేఱు ప్రత్యయమును విధించి స్వరభేదమును జూపినాఁడు. ఇతరస్థలములందలి నూతుల పేళ్లకా స్వరము లేదు. నూతుల పేళ్ల స్వరమునుగూడ విడువని యా సూక్ష్మదృష్టిని వృత్తికారుఁడు కొనియాడినాఁడు. అచట నది మేరయైనది. రైన్ మీఁద నది మేర కాలేదు, బాట యైనది. పడవలు, సరకులు, అధికారులు, మాటలు కొలోను నుండి దానివెంటనే క్రిందికి దిగినవి.

థియోడోర్ ఫ్రింగ్స్ మొదలగువారు 1926 లోఁ బ్రకటించిన గ్రంథమున నీ వాదమును బలపఱచిరి. ఊర్డింగెన్ కొలోను మతాధిపతి రాజ్యములోనిది గనుక 'నేను' శబ్దపు దక్షిణరూప మంతదూర మేఁగుట పొసఁగును. బెన్రాత్ విషయ మంత సులువు గాదు. బెన్రాతును డ్యూసెల్డోర్ఫును నొక్క బెర్గ్ ప్రభువుల నేలుబడిలోనివే. రెంటికిని నడుమఁ బర్వతము లేదు, అడ్డపునది లేదు. అయినను రాజధానియైన డ్యూసెల్డోర్ఫు 'మాకెన్' అనియే నిలిచినది, దాని ప్రక్కపల్లె 'మాఖెన్' అనినది. రాజ్యపుటెల్లయే కారణమైనచో నిట్లుండరాదు. డ్యూసెల్డోర్ఫు 1288 లో వొరింగెన్ యుద్ధానంతరము పట్టణపు హక్కులను బొందువఱకు నొక చిన్నపల్లెయే. కావున దాని పలుకుబడి పెరుగకముందే బెన్రాత్ ప్రాంతము కొలోను వైపు చూచుటకు అలవాటు పడియుండునని నాకుఁ దోఁచుచున్నది. పల్లెవారు సంతకు, గుడికి, పెండ్లిసంబంధములకు నేదిక్కునఁ బోవుదురో ఆ దిక్కుపలుకు వారి నోటఁ జేరును. రాజశాసనము దానిని వెంటనే మార్పఁజాలదు.

1929 ఆగస్టు 1వ తేదీని బెన్రాత్ డ్యూసెల్డోర్ఫునఁ గలుపఁబడెను. అదే సంస్కరణమున ఊర్డింగె నొకప్రక్కనున్న క్రేఫెల్డుతోఁ గలిసిపోయెను. అట్లు రెండు రేఖలకుఁ బేరిచ్చిన రెండూళ్లును ఒక్కదినముననే తమ స్వతంత్రతను గోల్పోయెను. కార్ల్ థియోడోర్ మేడ నిలిచియున్నది. నేఁడందుఁ బ్రదర్శనశాలలు గలవు. తన్నుఁ గలుపుకొన్న నగరపుఁ బేరు మాత్రము విచిత్రము. డ్యూసెల్ వాఁగు గట్టున వెలసిన గ్రామమని దాని యర్థము. ఆ నగరము 'దోర్ఫ్' రేఖకుఁ జాల నుత్తరమున నున్నది. అందలి పాతకాపులు తమ యూరిని 'డ్యూసెల్డోర్ప్' అని పకారముతోనే పిలుతురు. రాఁతలో మాత్రము, ఎన్నఁడును ఆ యూర వెలయని ఫకార మున్నది.