తీర్పరికి పాఠం చెప్పేదెవరు?

అమెరికాలో అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి కోర్టు జడ్జి కాదు. ఏదో ఒక ప్రభుత్వ శాఖలో ఉద్యోగిగా ఉంటూ, శాఖ నిర్ణయం మీద పౌరుడికో కంపెనీకో అభ్యంతరం ఉన్నప్పుడు సాక్ష్యం విని తీర్పు రాసే అధికారి. 1946లో వచ్చిన అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ చట్టం ఈ పదవికి రూపమిచ్చింది. అప్పట్లో వీరిని ‘హియరింగ్ ఎగ్జామినర్’ అనేవారు. జడ్జి అన్న హోదా 1972లో దక్కింది. 2010ల చివరినాటికి ఫెడరల్ ప్రభుత్వంలో దాదాపు 1,900 మంది ఉండేవారు. వారిలో నూటికి ఎనభై మందికి పైగా సోషల్ సెక్యూరిటీ విభాగంలోనే పనిచేసేవారు. వికలాంగ పెన్షన్ కోసం పెట్టుకున్న దరఖాస్తు తిరస్కారమైతే చివరికి వచ్చేది వీరి ముందుకే.

జీతమిచ్చే శాఖ మీదే తీర్పు చెప్పాలి గనుక వీరికి చట్టం కొన్ని రక్షణలు కల్పించింది. పనితీరు చూసి శాఖ వీరికి మార్కులు వేయకూడదు, బోనస్ ఇవ్వకూడదు. తగిన కారణం ఉందని వేరే సంస్థ విచారించి తేల్చనిదే ఉద్యోగం నుంచి తీసేయకూడదు. ఈ చివరి రక్షణ రాజ్యాంగబద్ధం కాదని అమెరికా న్యాయశాఖ 2025లో ప్రకటించింది. ఆ వాదం ఎటు పోయినా, మార్కులూ బహుమతులూ లేనిచోట జడ్జి పని మెరుగుపడాలంటే మిగిలే దారి చదువొక్కటే. అందుకే ఈ వృత్తిలో నిరంతర శిక్షణ మామూలు ఆఫీసు వర్క్‌షాపు కన్నా చాలా బరువైన విషయం.

2018 దాకా ఈ ఉద్యోగానికి లాయరుగా ఏడేళ్ల అనుభవం, ఆపైన జాతీయ స్థాయి పోటీ పరీక్ష తప్పనిసరి. ఇలాంటి జడ్జీల నియామకం రాజ్యాంగం చెప్పిన పద్ధతిలోనే జరగాలని ఆ ఏడాది లూసియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వెంటనే అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ పరీక్ష పోయింది, నియామకం శాఖాధిపతుల చేతికి వెళ్లింది. ఏ దారిన వచ్చినా కొత్త జడ్జి మొదట నేర్చుకోవాల్సింది లాయరు అలవాట్లు వదులుకోవడం. సోషల్ సెక్యూరిటీ విచారణలో ప్రభుత్వం తరఫున లాయరే ఉండరు. ఎదుట దరఖాస్తుదారు ఉంటారు, ఒక్కోసారి పక్కన లాయరు కూడా ఉండరు. అలాంటప్పుడు కావాల్సిన వైద్య కాగితాలు తెప్పించడం, అడగాల్సిన ప్రశ్న అడగడం, చివరికి తీర్పు రాయడం అన్నీ జడ్జి బాధ్యతే. ఇన్నేళ్లూ ఒక పక్షాన నిలబడి వాదించిన మనిషికి ఇది తేలిగ్గా పట్టుబడదు.

శిక్షణలో ఎక్కువ సాధన అవసరమయ్యేది ఒక ప్రశ్న దగ్గర. విచారణ చివర్లో ఉద్యోగాల గురించి తెలిసిన నిపుణుణ్ని జడ్జి ఒక ఊహాజనితమైన ప్రశ్న అడుగుతారు: “ఈమె వయసు, ఇంతే చదువు, ఇదే పని అనుభవం ఉన్న మనిషి ఉందనుకోండి. ఒక్కసారికి 10 పౌండ్లకు మించి ఎత్తలేదు, ఎనిమిది గంటల్లో రెండు గంటలకు మించి నిలబడలేదు. ఆ మనిషి చేయగల ఉద్యోగాలు దేశంలో ఉన్నాయా?” ఇందులో ఒక్క పరిమితి జారిపోయినా వచ్చే జవాబు పనికిరాదు. కుడిచేయి సరిగా ఆడదన్న సంగతి డాక్టరు రిపోర్టులో ఉండి ప్రశ్నలో లేకపోతే, పై స్థాయిలో ఉన్న అప్పీల్స్ కౌన్సిలో కోర్టో ఆ కేసును తిప్పి పంపేస్తుంది. దరఖాస్తుదారుకు మరికొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు పోతాయి.

ఒకసారి నేర్చుకుంటే సరిపోయే విద్య కాదిది. 2016 మార్చి దాకా దరఖాస్తుదారు మాట నమ్మదగినదేనా అని జడ్జీలు తేల్చేవారు. అప్పుడొచ్చిన కొత్త నిబంధన, మనిషి నిజాయితీని కొలవడం మీ పని కాదు, చెప్పిన బాధకూ రికార్డుకూ ఎంత పొంతన ఉందో చూడండి అంది. 2017 మార్చి 27 నుంచి వేసిన దరఖాస్తుల్లో, వైద్యం చేసిన సొంత డాక్టరు అభిప్రాయానికి అంతకుముందున్న ప్రత్యేక ప్రాధాన్యం తీసేశారు. 2024 జూన్‌లో, గతంలో చేసిన పనిని లెక్కించే కాలం పదిహేనేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గింది. నిపుణులు ఆధారపడే ఉద్యోగాల నిఘంటువును చివరగా సవరించింది 1991లో. అందులో 100కు పైగా వృత్తులను ఆధారం చేసుకోవద్దన్న సూచన కూడా 2024 జూన్‌లోనే వచ్చింది. పదేళ్ల కిందటి పాఠంతో నేటి కేసు రాస్తే అది తప్పుడు తీర్పే అవుతుంది.

జడ్జికి తన తప్పు తెలిసే ఏర్పాటు ఒకటి సోషల్ సెక్యూరిటీ విభాగంలో ఉంది. తన తీర్పుల్లో ఎన్ని తిరిగొచ్చాయి, ఏ కారణంతో వచ్చాయి అన్నది జడ్జి కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. ఆ కారణం మీద తయారు చేసిన పాఠం కూడా అక్కడే ఉంటుంది. ఉన్న శిక్షణ పద్ధతుల్లో బహుశా ఇదే మేలైనది. పాఠం అవసరమున్న చోటికే వస్తుంది, తీర్పు ఇలా ఇవ్వమని మాత్రం ఎవరూ చెప్పరు. చదువుకోవడానికి తీరిక దొరకడమే కష్టం. 2007లో ఆ విభాగం చీఫ్ జడ్జి ఒక్కొక్కరినీ ఏడాదికి 500 నుంచి 700 కేసులు తేల్చమని కోరారు. ఒక్కో ఫైలు వందల పేజీలు ఉంటుంది.

శిక్షణ పేరుతో ఒత్తిడి పెడితే ఏమవుతుందో 1980లలో తేలింది. 1980లో సెనేటర్ హెన్రీ బెల్‌మన్ ప్రతిపాదించిన సవరణ జడ్జీల తీర్పులను సమీక్షించమంది. సోషల్ సెక్యూరిటీ విభాగం ఆ పనికి ఎక్కువ పెన్షన్లు మంజూరు చేస్తున్న జడ్జీలనే ఎంచుకుంది. ముందు సమీక్ష, తర్వాత హితబోధ, తర్వాత శిక్షణ, అప్పటికీ మారకపోతే చర్య. పరీక్ష పేపర్లు దిద్దే మాస్టార్లలో ఉదారంగా మార్కులు వేసేవారినే ఏరి తిరిగి క్లాసుకు పంపితే మిగిలినవారికి ఏం అర్థమవుతుందో ఇక్కడా అదే అర్థమైంది. జడ్జీల సంఘం కోర్టుకెక్కింది. 1984లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా జడ్జి జాయిస్ హెన్స్ గ్రీన్, మంజూరు శాతం మీదే గురిపెట్టడం జడ్జీల స్వతంత్రతను దెబ్బతీసే వాతావరణాన్ని సృష్టించిందని తేల్చారు. అప్పటికే విభాగం పద్ధతి మార్చుకోవడంతో వేరే ఉత్తర్వు ఇవ్వలేదు. నిజానికి తక్కువగా మంజూరు చేసేవారిలోనూ పొరపాట్లు ఉంటాయి. వారిని వదిలేయడంతోనే ఆ శిక్షణ ఉద్దేశం బయటపడింది.

అందుకే శాఖకు సంబంధం లేని బయటి గురువుల అవసరం వచ్చింది. నెవాడా రాష్ట్రం రీనోలోని నేషనల్ జ్యుడీషియల్ కాలేజీ 1963లో పుట్టింది. దాని వెనుక ఉన్న ప్రముఖుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి టామ్ క్లార్క్. న్యాయమైన విచారణ ఎలా జరపాలన్నదే అంశంగా ఈ జడ్జీల కోసం అక్కడ ప్రత్యేక కోర్సు నడుస్తోంది. సాక్ష్యాన్ని తూచడం, ఆవేశపడే కక్షిదారును ఆపడం, ఓడినవారికి కూడా కారణం అర్థమయ్యేలా తీర్పు రాయడం ఏ శాఖ జడ్జికైనా కావాల్సిన విద్యలే. అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జీల జాతీయ సంఘం కూడా ఏటా విద్యా సదస్సు జరుపుతుంది. పెప్పర్‌డైన్ లా స్కూలుతో కలిసి పత్రిక నడిపిన చరిత్ర దానికి ఉంది.

శాఖను బట్టి నేర్చుకోవాల్సిన విషయం మారిపోతుంది. కార్మిక శాఖ జడ్జి ఒకరోజు బొగ్గుగని కార్మికుడి ఊపిరితిత్తుల ఎక్స్‌రే మీద ఇద్దరు డాక్టర్ల తగాదా తీర్చాలి, మరోరోజు సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతాల పట్టిక చూడాలి. హెచ్‌-1బి ఉద్యోగిని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టిన కేసుల్లో, దర్యాప్తు ఫలితం నచ్చని పక్షం విచారణ కోరితే అది వచ్చేది ఈ జడ్జి ముందుకే. గ్రీన్‌కార్డుకు తొలిమెట్టయిన పెర్మ్ దరఖాస్తు తిరస్కారమైతే, అప్పీలు వినే బోర్డులోనూ వీరే ఉంటారు. అమెరికాలోని తెలుగువారికి ఈ వ్యవస్థ ఎక్కువగా తగిలేది ఇక్కడే. ఇమిగ్రేషన్ కోర్టుల్లో కూర్చునే జడ్జీలు వేరు, వారికి ఈ రక్షణలు వర్తించవు.

రాష్ట్రాల్లో ఇంకో పద్ధతి ఉంది. కాలిఫోర్నియా 1945లోనే విచారణ జడ్జీలను శాఖల నుంచి తప్పించి ఒకే కార్యాలయం కిందికి తెచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఇక్కడ ఒకే జడ్జి డాక్టరు లైసెన్సు రద్దు, టీచరు తొలగింపు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు వంటి రకరకాల కేసులు వినాల్సి రావచ్చు. పిల్లల కేసులకైతే వారి చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టమే షరతు పెట్టింది. వినే అధికారికి ఆ చట్టం మీద పట్టు, విచారణ జరిపే, తీర్పు రాసే సామర్థ్యం ఉండి తీరాలని 2004 సవరణ చెబుతోంది.

ఏటా ఇన్ని గంటలు చదవాలని జడ్జీలందరికీ వర్తించే ఫెడరల్ నియమం లేదు. లాయర్లకు మాత్రం చాలా రాష్ట్రాలు గంటలు నిర్ణయిస్తాయి. ఈ తప్పనిసరి చదువుకు 1975లో దారి వేసిన మిన్నెసోటాలో మూడేళ్లకు 45, కాలిఫోర్నియాలో మూడేళ్లకు 25. జడ్జి తన లైసెన్సును ఏ హోదాలో ఉంచుకున్నారన్న దాన్నిబట్టి ఆ గంటలు వర్తించడమో, మినహాయింపు దొరకడమో జరుగుతుంది. దాంతో ఒకే అంతస్తులో పక్కపక్క గదుల్లో విచారణ జరిపే ఇద్దరు జడ్జీల్లో ఒకరికి చదువు లెక్క చూపించాల్సిన విధి కావచ్చు, మరొకరికి ఇష్టముంటే చేసే పనిగానే ఉండిపోవచ్చు.