రొయ్యల చెరువుకు రాత్రి ఖర్చు ఎంత?

నందివాడ: రాత్రివేళ గుడివాడ నుంచి నందివాడ వైపు వచ్చేవారికి రోడ్డు పక్క చెరువుల్లో ఏరేటర్ల చప్పుడు వినిపిస్తుంది. ఒకప్పుడు వరి పండిన పల్లపు చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. మన దేశంలో వనామి రొయ్య పెంపకానికి 2009లో అనుమతి లభించిన తరువాత కొన్ని చెరువుల్లోకి రొయ్య కూడా వచ్చింది. సీడు ఎంత, మేత ఎంత, లీజు ఎంత అని అడిగితే రైతు నోటిలెక్కగా చెప్పేస్తాడు. పంట మొత్తానికి ఏరేటర్ల ఖర్చు ఎంతవుతుందని అడిగితే మాత్రం పెక్కుమంది బిల్లు వచ్చాక చూద్దాం అంటారు. ముందుగా చూడని ఈ లెక్కే పట్టుబడి రోజున లాభాన్ని కొరికేస్తుంది.

చలిదేశమైన హాలెండులో గాజు ఇళ్లలో కూరగాయలు పండించే రైతులు శీతాకాలం రాకముందే గ్యాసు ఖర్చు కట్టి చూసుకుంటారు. ఇల్లు ఎంత పెద్దది, బయట చలి ఎంత, ఎన్ని రాత్రులు వెచ్చబెట్టాలి అన్నవే ఆ లెక్కకు ఆధారం. 2022లో గ్యాసు ధర విపరీతంగా పెరిగినప్పుడు గిట్టుబాటు కాదని తేలి అనేకమంది ఆ చలికాలం పంట మానుకున్నారు. మనకు వెచ్చదనం ఊరకే దొరుకుతుంది. మన చెరువు రైతు డబ్బు పెట్టి కొనవలసింది రాత్రిపూట గాలి.

తెల్లవారుజామున గండం

పగలు ఎండలో నీటిలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది. పొద్దు గూకిన తరువాత అదే నాచు రొయ్యతో పోటీగా ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మరీ ప్రమాదం. పైగా నీరు వేడెక్కినకొద్దీ ప్రాణవాయువును నిలుపుకొనే శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీలకు 7.6 మాత్రమే ఇముడుతుంది. రొయ్యకు 4 కంటే తగ్గకుండా చూసుకోవాలి.

లెక్క ఇలా

ఒక హార్స్ పవరు ఏరేటరు సుమారు 400 నుంచి 500 కిలోల రొయ్యకు సరిపోతుందని ఆక్వా శాస్త్రవేత్తల అంచనా. ఎకరం చెరువులో రెండు టన్నులు ఆశించే రైతుకు చివరిదశలో 4 హార్స్ పవర్లు, అంటే 2 హార్స్ పవర్లవి రెండు ఏరేటర్లు కావాలి. ఒక హార్స్ పవరు 746 వాట్లు. మోటారులో పోయే నష్టం కూడా కలుపుకొంటే గంటకు 0.9 యూనిట్ అనుకోవచ్చు.

120 రోజుల పంటను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి 30 రోజులు ఒక ఏరేటరు రోజుకు 6 గంటలు తిరిగితే 324 యూనిట్లు. తరువాతి 30 రోజులు అదే ఏరేటరు 12 గంటలు తిరిగితే 648 యూనిట్లు. చివరి 60 రోజులు రెండూ 16 గంటల చొప్పున తిరిగితే 3,456 యూనిట్లు. మొత్తం 4,428 యూనిట్లు. ఇందులో మూడు వంతులకు పైగా చివరి రెండు నెలల్లోనే కాలుతుంది. మొదటి నెల బిల్లు చూసి ధైర్యపడిన రైతు మోసపోయేది ఇక్కడే.

యూనిట్ రూపాయిన్నర అయితే ఈ కరెంటుకు రూ.6,642 అవుతుంది. రాయితీ లేక రూ.3.85 పడితే రూ.17,048. స్థిర చార్జీలు దీనికి అదనం. ఆక్వా రైతులకు యూనిట్ రూపాయిన్నరకు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2019లో ప్రకటించింది. 2022లో ఆక్వా జోను, ఎకరాల పరిమితి వంటి షరతులు వచ్చాయి. కనుక లీజుకు చెరువు పట్టేవారు కాగితం రాసుకోకముందే మీటరు ఎవరి పేరున ఉంది, దానికి రాయితీ వర్తిస్తుందా అని పాత బిల్లు తెప్పించి చూసుకోవడం మంచిది.

కరెంటు పోతే

అసలు భారం డీజిలుది. ఈ రెండు ఏరేటర్లనూ జనరేటరుపై నడిపితే గంటకు లీటరున్నర డీజిలు అనుకుందాం. నాలుగు నెలల్లో 50 గంటలు కరెంటు పోతే 75 లీటర్లు కావాలి. లీటరు రూ.97 చొప్పున రూ.7,275. పంట మొత్తం మీద ఏరేటర్లు నడిచేది 1,500 గంటలు. అందులో 50 గంటల డీజిలు ఖర్చు, రాయితీ రైతు పంట మొత్తానికి కట్టే కరెంటు ఖర్చును మించిపోతోంది.

రెండూ కలిపి చూస్తే రాయితీ ఉన్న రైతుకు కిలో రొయ్యపై దాదాపు 7 రూపాయలు, లేని రైతుకు 12 రూపాయలు పడుతుంది. కిలోకు 5 రూపాయల తేడా అంటే రెండు టన్నులకు పదివేలు. ధర పడిపోయిన రోజున ఈ పదివేలే చిన్న రైతును అప్పులో దింపుతుంది.

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. సీడు వదిలిన రోజున మీటరు రీడింగు, తరువాత వారానికొకసారి రీడింగు, కరెంటు పోయిన గంటలు, పోసిన డీజిలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు. ఒక పంట లెక్క చేతిలో ఉంటే మరుసటి పంటకు ఎంత సీడు వదలాలో రైతే తేల్చుకోగలడు. ఇక తెల్లవారుజామున సరఫరా ఆగకుండా చూడడం విద్యుత్ అధికారుల వంతు. ఆ వేళ ఒక్క గంట కరెంటు నిలబెట్టినా ఎకరానికి లీటరున్నర డీజిలు మిగిల్చినట్లే.