ఇంటిపేరుతో పిలిస్తేనే పలుకుతుంది

"ఫైలు ఇక్కడే ఉంది సార్, కళ్లముందే కనిపిస్తోంది. జావాకి మాత్రం దొరకట్లేదట!" ల్యాబ్‌లో ఒక కుర్రాడి గోల ఇది. వెళ్లి చూశాను. గణితం అనే ఫోల్డర్‌లోకి దిగి, నల్లతెర మీద 'జావా కూడిక' అని కొట్టాడు. (జావాలో క్లాసులకు తెలుగు లిపిలోనూ పేర్లు పెట్టుకోవచ్చు. ఆ సరదా నాదే.) ఎర్రర్ మొత్తం చదివితే చివర్లో 'రాంగ్ నేమ్' అని ఉంది. అంటే ఫైలు దొరికింది. పేరే కలవలేదు.

నాకు జావాలో అన్నిటికంటే ముచ్చటైన సంగతి ఇదే. జావాసీ అనే కంపైలర్ మన ప్రోగ్రామును బైట్‌కోడ్‌గా మార్చి క్లాస్ ఫైలులో పెట్టేటప్పుడు, దాని పూర్తి పేరును ఆ ఫైలు లోపలే రాసిపెడుతుంది. ప్యాకేజీ (ఇక్కడ గణితం) ముందు, క్లాసు (కూడిక) తర్వాత. అచ్చం మన పేర్లలాగే, ఇంటిపేరు ముందు! 'జావా గణితం.కూడిక' అని పిలిస్తే చుక్క కాస్తా ఫోల్డర్ గీత అవుతుంది. ఎక్కడ వెతకాలో చెప్పే క్లాస్‌పాత్ చూపిన చోటు నుంచి, ఏమీ చెప్పకపోతే మనం నిలబడ్డ చోటు నుంచి, గణితం ఫోల్డర్‌లో కూడిక కోసం వెతుకుతుంది. ఫైలు తెరిచాక మొదటి నాలుగు బైట్లు చూస్తుంది. హెక్సాలో అవి 'కెఫేబేబ్' అని చదవడానికి వస్తాయి, ప్రతి క్లాస్ ఫైలుకూ అదే ముద్ర. ఆపైన వెర్షన్, ఆ తర్వాత లోపలి పేరు. పిలిచిన పేరూ అదీ ఒకటి కాకపోతే గెంటేస్తుంది.

విషయం అర్థమై, కుర్రాడు అక్కడే కూర్చుని ఇంటిపేరుతో సహా పిలిచాడు. మళ్లీ ఎర్రర్! ఈసారి నిజంగానే దొరకలేదు, గణితంలో ఇంకో గణితం కోసం వెతికింది మరి. 'సీడీ, రెండు చుక్కలు' కొట్టి గుమ్మం బయటికొచ్చి పిలిచాక పలికింది.

ఇంత అనుమానం ఎందుకు? 1991లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం ఇంటి ఎలక్ట్రానిక్ పరికరాల కోసం ఈ భాష మొదలుపెట్టింది. ఒక్కోదానిలో ఒక్కో చిప్పు కాబట్టి ఏ చిప్పుకూ చెందని బైట్‌కోడ్ కావాల్సి వచ్చింది. 1995లో లోకం ముందుకొచ్చేసరికి ఆ కోడ్ వెబ్ మీదుగా ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి రావడం మొదలైంది. వచ్చినవాడు చెప్పిన పేరు నమ్మితే ఎలా? 'జావా' అనే ఇంటిపేరునైతే మన క్లాసులకు అసలు పెట్టుకోనివ్వదు.

తర్వాత ఫోల్డర్లను జిప్‌లా కట్టే జార్ మూటలొచ్చాయి, 2017లో ప్యాకేజీలను గుంపుగా కట్టే మాడ్యూళ్లొచ్చాయి. 2018 నాటి జావా 11 నుంచైతే ఒక్క ఫైలు ప్రోగ్రామును జావాసీని విడిగా పిలవకుండానే సూటిగా నడిపేయొచ్చు. క్లాస్ ఫైలు డిస్కు మీదికే రాదు. 2024కి ముందైతే, ఇంటిపేరుకు తగ్గ ఫోల్డర్‌లో ఉన్నావా అని కూడా అడిగేది కాదు. ఈ సంగతి ఆ కుర్రాడికి ఇంకా చెప్పలేదు.