366వ రోజు దగ్గర చిక్కుకున్న వైల్ లూప్

ఆరాంఘర్ చౌరస్తా నుంచి మెహదీపట్నం దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 11.6 కిలోమీటర్లు. 2009 అక్టోబరులో అది మొదలయ్యాక ఆ దారి పొడవునా ఇంటి నంబరు కన్నా పిల్లర్ నంబరే అడ్రసుగా స్థిరపడిపోయింది. 'అత్తాపూర్, పిల్లర్ నంబర్ 143' అంటే చాలు, ఎవరైనా వచ్చేస్తారు. మెహదీపట్నం వైపు చిన్న నంబర్లు, ఆరాంఘర్ వైపు పెద్దవి. ఆరాంఘర్‌లో ఆటో ఎక్కి, 'నంబరు 143 కన్నా ఎక్కువ ఉన్నంతసేపు పోనియ్ అన్నా' అన్నారనుకోండి. ప్రోగ్రామర్లు వైల్ లూప్ అనేది సరిగ్గా దీన్నే.

290వ పిల్లర్ దగ్గర ఎక్కితే ఆటో 147 పిల్లర్లు ముందుకు కదులుతుంది. షరతును మాత్రం 148 సార్లు చూడాలి, ఎందుకంటే 'ఇక చాలు' అని తేలేది ఆ ఆఖరి చూపులోనే. అదే మాట మెహదీపట్నంలో ఎక్కి చెబితే ఆటో అంగుళం కూడా కదలదు. షరతు మొదట్లోనే తప్పింది కాబట్టి లూప్ సున్నా సార్లు నడిచినట్టు. ఇంకో తిరకాసు కూడా ఉంది. 'ఎక్కువ ఉన్నంతసేపు' అనకుండా '143 కానంతసేపు' అన్నారనుకుందాం. ఆ పిల్లర్ నంబరు మీద ఎవరో ట్యూషన్ పోస్టర్ అంటించి ఉంటే ఆటో దాన్ని దాటేసి పోతూనే ఉంటుంది. మొదటి షరతుతో అయితే 142 కనిపించగానే ఆగేది.

పోస్టర్ లేకపోయినా ఇలాంటిది కంప్యూటర్లో జరుగుతుంది. సున్నాతో మొదలుపెట్టి 0.1ని పదిసార్లు కలిపితే 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల్లో వచ్చేది 1 కాదు, 0.9999999999999999. '1 కానంతసేపు కలుపు' అని రాసిన లూప్‌కు 1 ఎప్పటికీ ఎదురుపడదు.

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో మన పిల్లలు ఈ పాఠాన్ని ఎక్కువగా సీ లాంగ్వేజ్‌లో నేర్చుకుంటారు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన ఆ భాష ప్రోగ్రామర్‌ను పూర్తిగా నమ్ముతుంది. షరతులో రెండు సమాన గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెడితే, పోల్చడం మానేసి 143ని ఆ సంఖ్యను దాచే పెట్టెలో (వేరియబుల్‌లో) వేస్తుంది. సున్నా కానిదంతా దాని లెక్కలో నిజమే కాబట్టి లూప్ ఆగదు. 2015 మేలో 1.0 వెర్షన్‌గా వచ్చిన రస్ట్ భాష ఈ తప్పును కంపైల్ కూడా కానివ్వదు. షరతు అవునో కాదో తేలాల్సిందే, అంకె వేస్తే కుదరదు. గుర్తు లేని 32 బిట్ల సంఖ్యను తగ్గిస్తూ 'సున్నా లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నంతసేపు' అని రాస్తే సీలో సున్నా తర్వాత వచ్చేది 4,294,967,295. మళ్లీ మొదటికి. రస్ట్ కంపైలర్ మాత్రం ఈ పోలిక దండగని ముందే హెచ్చరిస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1 కెర్నెల్‌లో రస్ట్‌కు చోటు దొరికిందంటే, మెమరీ భద్రతతో పాటు ఇలాంటి పట్టింపులూ అందుకు కారణమే.

అలాగని రస్ట్ అన్నీ చూసుకుంటుందని నిశ్చింతగా ఉండలేం. ఒక పాత సంగతే చూడండి: 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ జూన్ (Zune) మ్యూజిక్ ప్లేయర్లు ఎక్కడివక్కడ స్తంభించిపోయాయి. అందులోని గడియారం డ్రైవర్ 1980 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెట్టి, వాటిని సంవత్సరాలుగా మార్చేది. పద్ధతి సులువైనదే: మిగిలిన రోజులు 365 కన్నా ఎక్కువ ఉన్నంతసేపు, మామూలు ఏడాదైతే 365 తీసెయ్, సంవత్సరాన్ని ఒకటి పెంచు. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కన్నా ఎక్కువ ఉంటేనే 366 తీసెయ్, అప్పుడే సంవత్సరాన్ని పెంచు.

ఆ రోజు లెక్క 10,593. 1980 నుంచి 2007 దాకా 28 ఏళ్లకు 10,227 రోజులు పోగా మిగిలింది సరిగ్గా 366. 365 కన్నా ఎక్కువే కాబట్టి లూప్ లోపలికి వెళ్లింది. 2008 లీపు సంవత్సరం. 366 కన్నా ఎక్కువా? కాదు. అయితే ఏం చెయ్యాలి? కోడ్‌లో షరతు దగ్గర చీలిన ఆ కొమ్మకు జవాబు రాయలేదు. రోజులు తగ్గలేదు, సంవత్సరం పెరగలేదు, మళ్లీ పైకి వెళ్లి అదే ప్రశ్న. బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా ఆగి, జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాటాక ఛార్జింగ్ పెట్టి ఆన్ చేసుకోమని కంపెనీ చెప్పింది. మర్నాటి లెక్క 10,594, మిగిలేది 367. అందులో 366 పోతే 1, అంటే 2009లో మొదటి రోజు. ఏ మరమ్మతూ లేకుండానే ప్లేయర్లు మామూలైపోయాయి.

ఆ కోడ్‌ను ఉన్నదున్నట్టు రస్ట్‌లో రాస్తే ఒక్క హెచ్చరిక కూడా రాదు. షరతు అవును-కాదు రకమే, అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. ఒక్కో చుట్టూ షరతును ముగింపు వైపు జరుపుతోందా అనేది మాత్రం కంపైలర్ చూడదు. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో లేదో తేల్చే పద్ధతి ఉండదని 1936లోనే అలన్ ట్యూరింగ్ పరిశోధన తేల్చింది. కాబట్టి ఆ బాధ్యత రాసేవాడిదే. నా మటుకు నేను లోపల ఉన్న ప్రతి కొమ్మ మీదా వేలు పెట్టి, ఇక్కడ ఏది తగ్గుతోంది అని అడుగుతాను.

జూన్‌ను సరిచెయ్యడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ముందు ఆ ఏడాదికి ఎన్ని రోజులో తెలుసుకుని, షరతులోనూ తీసివేతలోనూ అదే సంఖ్య వాడితే సరి. 365, 366 అనే రెండు గీటురాళ్లు ఉండవు, కొమ్మా ఉండదు. విడుదలకు ముందు 10,592, 10,593, 10,594 అనే మూడు సంఖ్యలు ఇచ్చి చూసి ఉంటే మొదటిదీ మూడోదీ చిటికెలో తేలేవి, నడిమిది వేలాడిపోయేది. ఆ ప్లేయర్ 2006 నవంబరులో మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మొదటి లీపు సంవత్సరమే 2008.