కొత్త ఒక రోత, పాత ఒక వింత

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టించిన మహానుభావుడెవరో గాని, ఈనాటి బజారు చూసి ఉంటే దానిని తిరగవేసి చెప్పి ఉండేవాడు. సరికొత్త వస్తువును తయారుచేసి, దానిని గీకి, గోకి, తుప్పు పట్టించి, ఎవరో యాభై అరవై ఏళ్లు వాడినట్లు కనిపించేటట్లు చేసి, మామూలు కొత్తదానికంటె ఎక్కువ ధరకు అమ్మే కార్ఖానాలు ఇప్పుడున్నాయి. కొనేవారు మోసపోయి కొనడంలేదు. అది మొన్న మొన్న చేసిన పాతదని తెలిసే, ముచ్చటపడి కొంటున్నారు. ఆ వస్తువు ఎలెక్ట్రిక్ గిటారు.

గిటారు మనకు అపరిచితం కాదు. సినిమా పాటలలో వింటూనే ఉన్నాము. మామూలు గిటారుకు మన వీణ కుండవలె బోలుగా ఉండే పొట్ట ఉంటుంది. ఎలెక్ట్రిక్ గిటారుకు సాధారణంగా ఆ పొట్ట అక్కరలేదు. గట్టి కొయ్య దిమ్మ, దానికొక దండి, దండిమీద మెట్లు, ఆరు ఉక్కు తీగలు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్లు. పైతీగ కదిలితే చుట్లలో విద్యుత్తు పుడుతుంది. యంత్రం దానిని పెద్దది చేసి వినిపిస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతం పలికించి దేశదేశాలవారిని మెప్పించిన ఎలెక్ట్రిక్ మాండలిన్ ఈ గిటారుకు చెల్లెలే.

కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకుని ఉండేవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. అయినా 1950 ప్రాంతంలో గట్టికొయ్య గిటార్లు చేసి అమ్మడం ప్రారంభించాడు. 1954లో ఆయన కంపెనీ ‘స్ట్రాటోకాస్టర్’ను తెచ్చింది. అంతకు ముందే, 1952లో, గిబ్సన్ కంపెనీవారు ‘లెస్ పాల్’ గిటారు తెచ్చారు. 1965లో ఫెండర్ తన కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. ఆ తరువాత వచ్చిన సరుకులో పనితనం తగ్గిందని వాద్యకారులు పెదవి విరిచారు. దానితో అంతకు ముందు చేసిన గిటార్లకు గిరాకీ పెరిగింది. కొన్నిటి ధర ఇల్లు కట్టుకునేటంత అయింది. వాటిని వాయించేవారికంటె అద్దాల బీరువాలలో దాచేవారు ఎక్కువయ్యారు.

మరి వాయించేవాడి గతి ఏమిటి? కంపెనీవారు పాత కొలతలతోనే కొత్తవి చేసి ఇచ్చారు. అయితే అవి తళతళ మెరుస్తున్నాయి! రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ అటువంటి వాటిని చూసి, "మరీ కొత్తగా ఉన్నాయి, కాస్త కొట్టి పాతచేసి పంపండి" అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ సంగతి ఎట్లా ఉన్నా, 1995లో ఫెండర్ వారు ‘రెలిక్’ అనే పేరుతో, పుట్టుకతోనే ముసలివైన గిటార్లను అంగడికి తెచ్చారు. కాలిఫోర్నియాలోని కరోనా పట్టణంలో (పేరు చూసి బెదరకండి, అది ఊరి పేరే) కొయ్య చెక్కి, మిస్సోరీ రాష్ట్రంలో విన్స్ కునెట్టో అనే నేర్పరి దగ్గరకు పంపేవారు. ఆయన వాటికి ముసలితనం ప్రసాదించి తిరిగి పంపేవాడు. 2021లో గిబ్సన్ వారు గూడా టామ్ మర్ఫీ అనే నిపుణుడి పేరున ఇందుకొక ప్రత్యేక విభాగం పెట్టారు. అక్కడ ముసలితనం నాలుగు తరగతులు: అతి స్వల్పం, స్వల్పం, అధికం, అత్యధికం. తరగతి పెరిగినకొద్దీ ధరా పెరుగుతుంది. మనుషులకు ఈ ఏర్పాటు లేకపోవడం విచారకరం!

ఆ పనితనం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. పాత గిటార్లమీది లక్క పల్చన. ఎండకు చలికి కొయ్య పొంగి కుంచించుకుపోతూ ఉంటే, ఆ లక్క దానితో సాగలేక వెంట్రుకవాసి గీతలుగా బీటలిస్తుంది. ఏళ్లమీద జరిగే ఆ పనిని వీరు వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి తెప్పిస్తారు. లేదా మంగలి బ్లేడుతో ఓపికగా గీస్తారు. ఇనుప సామానుకు ఆమ్లపు ఆవిరి పట్టించి మెరుపు చంపుతారు. ముంజేయి ఆనేచోట రంగు అరగదీస్తారు. వీపువైపు నడుము పట్టీ బిళ్ల ఒరుసుకున్నట్టు గీతలు పెడతారు. దండి అంచులు మొనతేలకుండా, ఎన్నో ఏళ్లు అరచేయి రాసుకున్నట్టు నునుపు చేస్తారు. ఈ చివరి పనిని నేను వెక్కిరించలేను. చేతికి హాయినిచ్చే నునుపు నిజమైన ప్రయోజనమే గదా.

కాని ఈ వేషాలకు అసలు మూలమెక్కడ ఉన్నదో చూడండి. ఐర్లండులోని కార్క్ నగరంలో రోరీ గాలఘర్ అనే కుర్రవాడు 1963లో, రెండేళ్లకిందట చేసిన స్ట్రాటోకాస్టర్‌ను అప్పుచేసి 100 పౌన్లకు కొనుక్కున్నాడు. అంతటినుంచి దానిని వదలలేదు. ఒకసారి దొంగలెత్తుకుపోగా మళ్లీ దొరికింది. ఆయన రాత్రి తరువాత రాత్రి గంటల తరబడి చెమటోడ్చి వాయిస్తే, ఆ చెమటకు రంగు చాలావరకు ఊడిపోయి లోపలి కొయ్య బయటపడింది. ఆయన చనిపోయినది కూడా 1995లోనే. కొద్ది కాలానికే కంపెనీవారు ఆ గిటారులో ఊడిన రంగును ఊడినట్లే అచ్చు దించి అమ్మకానికి పెట్టారు. అసలుది 2024లో లండన్ వేలంలో 8 లక్షల పౌన్లకు పైబడి పలికి, ఐర్లండు జాతీయ మ్యూజియంకు చేరింది.

ముండ్లమూరులో నా శిష్యుడొకడు, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవాడు, ఇటువంటి గిటారొకటి కొని సెలవులకు తెచ్చాడు. "కొత్తదైతే మొదటి గీత పడేదాకా ప్రాణం పీచుపీచుమంటుంది, మేష్టారూ. దీనికా బెంగ లేదు, ధైర్యంగా వాయించుకోవచ్చు" అన్నాడు. మాటలో న్యాయముంది. పక్కనే మంచంమీద కూర్చున్న వాళ్ల తాతగారు దానిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏందిరా, పాతది కొనుక్కొచ్చావా? ఎంత తగ్గించాడు?"

"పాతది కాదు తాతా, కొత్తదే. పాతదానిలాగా చేశారు. అందుకు ఇంకాస్త ఎక్కువ తీసుకున్నారు."

ముసలాయన కాసేపు ఆలోచించి, "అట్టయితే కొట్టంలో మన నాగలుండాది. మేడి అరిగి అద్దంలాగుండాది. అది గూడా పంపిచ్చు నాయనా" అన్నారు.

పాతదైతే నాదం బాగుంటుందా అని మీరడగవచ్చు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో వయొలిన్లకు ఇటువంటి పరీక్ష పెట్టారు. 21 మంది విద్వాంసులకు చూపు ఆనకుండా నల్ల కళ్లద్దాలు తగిలించి, మూడు కొత్త వయొలిన్లు, స్ట్రాడివారి కాలపు మూడు పాత వయొలిన్లు వాయించమన్నారు. ఇంటికి తీసుకుపోవడానికి ఏది కావాలంటే, 13 మంది కొత్తదానినే ఎంచుకున్నారు! కంటికి తెలిసే పాతదనం చెవికి తెలియలేదన్నమాట.

ఈ మోజు గిటారుతో ఆగలేదు. మనకు దాపునే ఉన్న చీమకుర్తిలో తవ్వే నల్ల గ్రానైటును అద్దంలా మెరుగుపెట్టడం ఒకనాటి గొప్ప. ఇప్పుడు అదే రాతిని వజ్రపు రవ్వల బ్రష్షులతో రుద్ది, ఏళ్ల తరబడి పాదాలు తొక్కినట్టు మసకగా చేసే ‘లెదర్ ఫినిష్’ అడుగుతున్నారు. కొత్త పంట్లాములు చిరుగులతోనే వస్తున్నాయి. నగల దుకాణానికి వెళ్లండి: ‘యాంటిక్’ నగలంటూ మసకబారిన రంగు, సందులలో నల్లని మడ్డి. నిన్న చేసిన హారం నాయనమ్మ మెడలోనుంచి తీసినట్టుంటుంది. అది కొనడానికి చాలా ఇళ్లలో ఏమి చేస్తున్నారో సోదరీమణులకు చెప్పనక్కరలేదు. నిజంగా నాయనమ్మ మెడలోనుంచి తీసిన కాసులపేరును తూకానికి వేసి, తరుగు పోగొట్టుకుని కరిగిస్తున్నారు!

నాకు బాధ కలిగేది ఇక్కడనే. పాతదని చెప్పి అమ్మితే మోసం. పాతగా చేశామని చెప్పి అమ్మితే వ్యాపారం. దానిని తప్పుపట్టను. కాని అరుగుదల అనేది ఒక మనిషి బ్రతుకు లెక్క. మా పల్లెల్లో పాత బావి ఒరరాళ్లమీద చేదతాళ్లు కోసిన గాళ్లుంటాయి. ఒక్కొక్క గాడి వెనుక ఎందరు తల్లులు ఎన్ని వేసవులు నీళ్లు తోడారో! నాటకాల హార్మోనియం మెట్లలో కొన్ని గుంటలు పడి ఉంటాయి. ఏ శ్రుతిలో ఎక్కువ పద్యాలు పాడారో ఆ గుంటలే చెబుతాయి. కార్ఖానా గీత ఎంత అందంగా ఉన్నా, దానిని ఎవరు గీశారంటే చెప్పడానికి ఒక జీతగాడి పేరే ఉంటుంది.

నా శిష్యుడితో నేనన్నది ఒక్కటే: "కొన్నావు గదా, ఇక వాయించు. ఇరవై ఏళ్లు వాయిస్తే వాళ్లు గీసిన గీతలమీద నీ గీతలు పడతాయి." పాఠకులకు గూడా ఒక మనవి. ఇంట్లో మూలపడిన పాత వస్తువును పాతసామాన్ల బండికి వేసేముందు ఒక్కసారి చేత్తో తడిమి చూడండి. అటువంటి అరుగుదలకు దేశాంతరాలలో డాలర్లు పోస్తున్నారు. మన తాతలు, నాయనమ్మలు దానిని ఊరికే చేసిపెట్టి పోయారు.