పలుకని బొమ్మ యింజను

పిల్లల యాటవస్తువు పని చేయనంతనే మన యిండ్లలో మొదట వినవచ్చు ప్రశ్న "ఎవరు పాడుచేసిరి?" అనునది. "ఏమైనది?" యని యడుగువారు తక్కువ. గతమాసమున మా యింట జరిగిన యొక చిన్న సంగతి నిచట మనవి చేయుచున్నాము.

మా చిన్నవానికి పండ్రెండేండ్లు. అమెరికాలోనున్న వాని మేనమామ సెలవులకు వచ్చుచు రెండు బొమ్మ యింజనులను, పట్టాలను, చేతపట్టి నడుపు మీటలపెట్టెను తెచ్చియిచ్చెను. ఇవి తాళము త్రిప్పిన పరుగెత్తు బొమ్మలు కావు. అసలు బండిలో 87వ వంతు కొలతతో చేయబడి, 16.5 మిల్లీమీటర్ల యెడముగల పట్టాలపై నడచును. ప్రతి యింజను కడుపులోను డీకోడరను చిన్న పలక యుండును. పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడు నుండును. దానితోడనే యాజ్ఞలును పోవును. ఇంటి సంఖ్యనుబట్టి యుత్తరము చేరునట్లు, ఏ యింజను సంఖ్యకు ఆజ్ఞ వచ్చునో ఆ యింజనే కదలును. జర్మనీ దేశపు లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి నాధారముగా గొని, 1935లో స్థాపితమైన అమెరికా జాతీయ నమూనా రైలు సంఘమువారు 1994లో దీనికి ప్రమాణముల నేర్పరచిరి.

డీకోడరులో సంఖ్యలు నిలుపు గడులనేకము కలవు. వీనిని సీ.వీ.లందురు. మొదటి గడిలో ఇంజను సంఖ్య యుండును. క్రొత్త డీకోడరులో సాధారణముగా నది 3. రెండింటికిని 3 యే యున్నచో రెండును కలిసి కదలును గదా! అందుచే మావాడొకదాని సంఖ్యను 12గా మార్చెను. రెండు దినములు చక్కగా నాడినది. మూడవనాడు దీపము వెలిగెనే కాని బండి కదలలేదు. "మోటారు కాల్చివేసితివి" అని మావారు గద్దించిరి. "నేనేమియు చేయలేదమ్మా" యని పిల్లవాడు అన్నము ముట్టక పరుండెను.

మేము వానిని లేపి, సూచనల పుస్తకము ముందుంచుకొని కూర్చుంటిమి. గడులలోని సంఖ్యలను చదువుటకు, మార్చుటకు వేరుగా నొక పట్టాముక్క యుండును. దానిపై నొక్క యింజనునే యుంచవలయును. రెండుంచినచో రెండింటిలోను ఒకే మార్పు వ్రాయబడును. మొదటి గడిని చదువబోగా "జవాబు లేదు" అని పెట్టె చూపెను. డీకోడరు చచ్చినదని పలువురు నిశ్చయించున దిచ్చటనే. కాని జవాబు వచ్చు విధము నెరిగినవారు తొందరపడరు. ఇంజనునకు నోరు లేదు. "ఔ"నని చెప్పుటకు, సెకనులో వేయింట ఆరువంతుల కాలము తన మోటారును కదలించి, కనీసము 60 మిల్లీఆంపియర్ల విద్యుత్తు నదనముగా లాగును. పెట్టె దానిని గుర్తించును. చక్రములు మురికిపట్టినచో నీ సైగ చేరదు.

విద్యుత్తు నాపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డతో పట్టాలను, చక్రములను తుడిచితిమి. గుడ్డ నల్లబడినది. ఆ ద్రవము మండునది. పొయ్యికి దూరముగా నుంచి, పూర్తిగా ఆరనిచ్చితిమి. మరల చదువగా ఇంజను ఒక్కింత వణకెను. పెట్టెపై 12 కానవచ్చెను. "కదలినదమ్మా!" యని పిల్లవాడు కేకవేసెను.

ఆ వణకే మాకు సాక్ష్యము. కాలిన మోటారు వణకునా? సంఖ్యయు సరియే. మరి బండి యేల నడువదు? "నిన్న దీనితో నేమి యాడితివి?" అని యడిగితిమి. రెండింజనులను జతచేసి పొడవైన బండిని లాగించితిననియు, జతను విడదీయ మరచితిననియు చెప్పెను. జతకు వేరొక సంఖ్య యుండును. అది 19వ గడిలో నిలుచును. అది యున్నంతకాలము వేగమునకు సంబంధించిన యాజ్ఞను ఇంజను జతసంఖ్య పేరనే వినును. దీపము మాత్రము సాధారణముగా సొంత సంఖ్యకే వెలుగును. ఆ గడిలో 5 కలదు. దానిని 0 చేసితిమి. ఇంజను పరుగెత్తెను.

ఇట్టి చిక్కు మీ యింట వచ్చినచో 29వ గడినికూడ చూడుడు. 12వంటి చిన్న సంఖ్యకు అందు సాధారణముగా 6 యుండును. వేలలోని పెద్ద సంఖ్యకు 38. చిన్న సంఖ్య నిచ్చి 38ని విడిచినచో ఇంజను పలుకదు. ధ్వని చేయు డీకోడరులు కొన్ని యీ ప్రత్యేకపు పట్టా యిచ్చు స్వల్ప విద్యుత్తుతో జవాబీయలేవు. అవియు చెడినవి కావు. ఏమియు తోచనప్పుడు 8వ గడిలో 8 వ్రాసినచో పెక్కు డీకోడరులు తొలిస్థితికి వచ్చును. కాని చేసిన మార్పులన్నియు పోయి, సంఖ్య మరల 3 యగును. కావున నున్న సంఖ్యలను ముందుగా కాగితముపై వ్రాసికొనుట మేలు.

మరునాటి యుదయమున మావారు నడచుచున్న బండిని చూచి, వానిని దగ్గరకు పిలిచి, "తొందరపడితినిరా" యనిరి. వాడిప్పుడు ప్రతి మార్పును తేదీతో నొక నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నాడు. మేమును ఏ వస్తువు నిలిచిపోయినను, "ఎవరు?" అనుటకు ముందు "ఏమైనది?" యని యడుగుట యభ్యసించుచున్నాము.